చందన ఛాయ దాటిన దిబ్బరొట్టె

పెదగట్లపాడు పురపాలక సంఘంలో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసే గెద్దాడ వీరభద్రానికి ఇద్దరంటే భయం. ఆఫీసులో కమిషనరు, ఇంట్లో భార్య మంగతాయారు. వాళ్లిద్దరికీ ఒకరితో ఒకరికి పని పడనంత కాలం అతని బతుకు సాఫీగానే వెళ్లిపోయింది. పని పడేలా చేసింది ఒక డాక్టరమ్మ చెప్పిన చిన్న మాట. ఆ మాటలో తప్పేమీ లేదు. తప్పంతా దాన్ని కమిషనరు గారు వినడంలో ఉంది.

ముందు మంగతాయారు సంగతి చెప్పుకోవాలి. బస్టాండు వెనక రేకుల షెడ్డులో ఆవిడకో టిఫిను హోటలు ఉంది. అక్కడ ఇడ్లీ దొరకదు, పూరీ దొరకదు. దొరికేది దిబ్బరొట్టె ఒక్కటే. మినప్పిండిలో బియ్యపు రవ్వ కలిపి, నూనె రాసిన ఇనప మూకుడులో మందంగా పోసి, కింద కొబ్బరి చిప్పల నిప్పులు, మూత మీద మరికాసిని నిప్పులు పెట్టి, తొందర పడకుండా కాలనిస్తుంది. మూత తీసేసరికి రొట్టె లోపల దూదిలా తెల్లగా, పైన ఎర్రగా, అడుగున ఇంకాస్త ముదురుగా తేలుతుంది. కరకరలాడే ఆ అడుగు చెక్క కోసమే జనం పొద్దున్నే వరస కడతారు. మూకుడు ఆవిడ తల్లి వాడినది. రోజూ తొలి వాయిలో అడుగు చెక్క విరిచి, పక్కన చెరుకు పానకం గిన్నె పెట్టి, మొగుడి కోసం మూతేసి ఉంచడం ఆవిడ అలవాటు. పెళ్లయినప్పటి నుంచీ అది తప్పలేదు. మొగుడూ పెళ్లాలు ప్రేమ గురించి ఎప్పుడూ మాట్లాడుకున్న పాపాన పోలేదు గానీ, ఆ మూత కింద రోజూ ఉండేది అదే.

ఇక డాక్టరమ్మ మాట. మునిసిపల్ ఆసుపత్రి డాక్టరు కస్తూరి గారు ఒక బడిలో ఆరోగ్య శిబిరం పెట్టారు. ఎవరో తల్లి అడిగితే ఆవిడ ఇలా చెప్పారు: "మాడిపోయిన తిండి అస్తమానం తినడం మంచిది కాదమ్మా. దుంపలు, రొట్టెల్లాంటివి నల్లగా మాడితే ఒంటికి మంచివి కాని పదార్థాలు పుడతాయి. మాంసం బొగ్గయ్యేలా కాల్చినా అంతే. నల్లబడిన చోట గీకేసి మిగతాది తినండి. కంగారు పడాల్సిందేం లేదు." అంత చెప్పి ఆవిడ బీపీలు చూసే పనిలో పడిపోయారు.

అదే వేదిక మీద కునికిపాట్లు పడుతున్న కమిషనరు విరూపాక్షం గారి చెవిన ఇందులో మొదటి వాక్యం మాత్రమే పడింది. మిగతావి పడేలోగా మళ్లీ కునుకు పట్టింది. ఆ ఒక్క వాక్యాన్నే ఆయన పైకి నివేదించారు. పైవాళ్లు దాని మీద ఒక సంఘం వేశారు. ఆ సంఘం ఒక ఉపసంఘం వేసింది. ఇంతై పైకి వెళ్లిన మాట కిందికి దిగేసరికి 'సమగ్ర మాడు నిర్మూలన కార్యక్రమం' అయి కూర్చుంది. దాన్ని నడిపించడానికి రాజధాని నుంచి చిద్విలాస్ గారనే ప్రత్యేకాధికారి కూడా దిగారు. ఆయన పుట్టి బుద్ధెరిగాక వంటింటి గడప తొక్కలేదు. కాబట్టి వంటల విషయంలో ఏ పక్షపాతమూ లేని వ్యక్తి అని ఆయన్నే ఎంపిక చేశారు.

చిద్విలాస్ గారు వస్తూనే సిబ్బంది అందరినీ సమావేశపరిచారు.

"మిత్రులారా! ప్రమాణము లేనిదే ప్రగతి లేదు. ఏది వేగినది, ఏది మాడినది అని ఒక్కొక్క గృహిణి ఒక్కొక్క విధంగా నిర్ణయించుకుంటూ పోతే ఇక పరిపాలన దేనికి? రంగును బట్టి నిర్ణయించెదము."

రంగుల ప్రమాణం కొత్తగా తయారు చేయాలంటే టెండర్లు పిలవాలి. దానికి బోలెడు కాలం పడుతుంది. అదృష్టవశాత్తూ ఆఫీసు గోడలకి రంగులు వేయించినప్పుడు దుకాణం వాళ్లు ఇచ్చిన షేడు కార్డు బీరువాలో పడి ఉంది. అటెండరు గవరయ్య దాని దుమ్ము దులిపి పట్టుకొచ్చాడు. అందులో 'మంచు ముత్యం', 'వెన్నెల మీగడ', 'చందన ఛాయ', 'గోధూళి', 'ఇటుక బట్టీ' వరసగా ఉన్నాయి. చిట్టచివర 'కాకి రెక్క' ఉంది. చర్చోపచర్చల తర్వాత చందన ఛాయ దగ్గర గీత గీశారు. ఆ గీతకి ఇవతలది ఆహారం, అవతలది మాడు.

"మాడు అనగా" అని చిద్విలాస్ గారు నిర్వచనం చదివారు, "వేడిమి వలన ఏర్పడిన, లేదా ఏర్పడినట్లు కనబడుచున్న, చందన ఛాయకు మించిన వర్ణము."

వీరభద్రం భయపడుతూనే లేచి నిలబడ్డాడు. "మరేనండి, ఆవాలు పుట్టుకతోనే నల్లగా ఉంటాయండి. పోపులో వేస్తే..."

"ఆవాల పుట్టుక మన పరిధిలోకి రాదు, ఇన్‌స్పెక్టర్. నూనెలో పడి చిటపటలాడిన క్షణం నుంచీ అవి మన పరిధిలోకి వచ్చును."

"అయితే పోపు పెట్టకూడదాండి?"

"పెట్టవచ్చును. చిటపటలాడకుండా పెట్టవలెను."

కమిషనరు గారు "అద్భుతం సార్" అని ఆ మాట రాసుకున్నారు. నల్ల నువ్వులుండల సంగతేంటని ఇంకెవరో అడిగితే, 'కనబడుచున్న' అన్న పదం పెట్టింది వాటి కోసమే అన్నారు చిద్విలాస్ గారు. మరి కాఫీ పొడో అని వెనక వరసలోంచి ఒక గొంతు లేవబోయింది. సరిగ్గా అప్పుడే గవరయ్య కాఫీలు తెచ్చాడు. ద్రవపదార్థాలను రెండో దశలో చూద్దామని సమావేశం ఏకగ్రీవంగా తీర్మానించి, కాఫీలు తాగి లేచింది.

మర్నాటి నుంచీ ఊరు ఊరంతా లేత రంగులోకి తిరిగింది. సంత దారిలో మొక్కజొన్న పొత్తులు కాల్చేవాళ్లు కుంపట్లు మూసేసి పొత్తులు ఉడకబెట్టుకున్నారు. చపాతీ మీద పడే మచ్చల్ని ఎలా పరిగణించాలో తేలక, తేలే దాకా చపాతీలు పచ్చిగా అమ్మమన్నారు. బిర్యానీ మీద వేయించిన ఉల్లిపాయలు చల్లడం మానేసి పచ్చి ఉల్లిపాయలు చల్లారు. పెద్ద కల్యాణ మండపంలో పెళ్లి జరుగుతుంటే గుత్తివంకాయ కూర మీద దాడికి వెళ్లారు. తీరా చూస్తే వంటవాళ్లు ఇంకా పొయ్యి వెలిగించనే లేదు. అయినా వచ్చిన పని వదలడం ఎందుకని బుట్టలోని పచ్చి వంకాయ పక్కన కార్డు పెట్టి చూశారు. అది కాకి రెక్కకి ఏమాత్రం తీసిపోలేదు.

"వండకముందే ఇంతగా మాడినది" అన్నారు చిద్విలాస్ గారు ఎంతో బాధపడుతూ, "వండిన పిమ్మట ఏమయ్యెడిదో ఊహించుకొనుడు."

ఆ పెళ్లిలో జనం పెరుగన్నం తినేసి, వధూవరుల్ని దీవించి వెళ్లిపోయారు. డాక్టరు కస్తూరి గారు ఒకరోజు ఆఫీసుకొచ్చి, తను చెప్పింది ఇది కాదని కమిషనరు గారికి నచ్చచెప్పబోయారు. ఈ మహోద్యమానికి మూలకర్త మీరేనని ఆయన ఆవిడ మెడలో ఒక దండ వేసి పంపించారు.

ఈ హడావుడిలో వీరభద్రం ఊరంతా తిరిగాడు గానీ, బస్టాండు వెనక వైపు మాత్రం కాలు పెట్టలేదు. అక్కడికి వెళ్లాల్సిన రోజున అతనికి మోకాలు నొప్పి చేసేది. అన్ని వార్డుల నుంచీ కేసులు వస్తుంటే ఆ ఒక్క వార్డు మల్లెపువ్వులా ఉండటం చిద్విలాస్ గారి కంట పడనే పడింది.

"ఆ వార్డులో ఎవరూ వండుకొనుట లేదా, ఇన్‌స్పెక్టర్?"

"వండుకుంటున్నారండి. జాగర్తగా వండుకుంటున్నారండి."

కమిషనరు గారు చిన్నగా దగ్గారు. "వీరి సతీమణి హోటలు అక్కడే ఉంది సార్. దిబ్బరొట్టెలకి పెట్టింది పేరు."

"అటులనా! అయితే మరీ మంచిది. చట్టము ఇంటి నుండే ఆరంభము కావలెను. రేపు ఉదయము మనమందరమూ వెళ్లెదము."

ఆ రాత్రి వీరభద్రం పెళ్లానికి సంగతి చెబుదామని నోరు తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. ఆవలింతలొస్తున్నాయా అని అడిగి ఆవిడ దీపం ఆర్పేసింది.

పొద్దున్నే అధికార బృందం షెడ్డు ముందు జీపు దిగింది. వీరభద్రం చేతిలో కార్డు పట్టుకుని ముందు నడిచాడు. మంగతాయారు అప్పుడే తొలి వాయి దించింది.

"ఏవండీ, అదేంటండి చేతిలో? ఇంటికి రంగులేయిస్తన్నారా? ఎన్నాళ్ల నుంచి మొత్తుకుంటన్నాను, ఇయ్యాలకి దయ కలిగిందా!"

"అది కాదు తాయారూ. రొట్టె చూడాలి."

"చూడ్డమేంటండి, కూర్చోండి, తినేసెల్దురు గాని. మీ చెక్క మీకు తీసుంచాను." ఆవిడ మొగుడి వెనక నిలబడ్డ వాళ్లని అప్పుడు చూసింది. కార్డు వైపు చూసింది. ఊళ్లో సంగతులు ఆవిడకీ తెలుసు. "ఓహో, ఇదా సంగతి. కానీండి మరి. చూడండి, మీ ఇష్టం."

వీరభద్రం రొట్టె అడుగున కార్డు పెట్టాడు. పైభాగం గోధూళి, అడుగు ఇటుక బట్టీ. ఎవరి కోసమో మూతేసి ఉంచిన చెక్కయితే అంతకంటే కాస్త ముదురే. చిద్విలాస్ గారు వంగి చూసి రంగుల పేర్లు పైకి చదివారు.

"మూకుడుకు సీలు వేయుడు" అన్నారాయన.

గవరయ్య లక్క కరిగించి మూకుడు మీద పోశాడు. మూకుడు సెగలు కక్కుతోంది. లక్క పోసింది పోసినట్టే జారి నిప్పుల్లో పడి, ఘాటుగా పొగ వదిలింది. మళ్లీ పోశాడు, మళ్లీ జారింది. చల్లారాక వేద్దామండి అన్నాడు వీరభద్రం. కమిషనరు గారు నిబంధనల పుస్తకం తిరగేసి తల అడ్డంగా ఊపారు. నేరం చేస్తుండగా పట్టుబడిన పాత్రకే సీలు వేయాలట. చల్లారిన మూకుడు ఏ నేరమూ చేయడం లేదు. నేరం చేస్తున్న మూకుడు మీద లక్క నిలవడం లేదు.

చిద్విలాస్ గారు షెడ్డు ముందు అటూ ఇటూ పచార్లు చేసి పరిష్కారం కనిపెట్టారు. పాత్రను వదిలి, సరుకును జప్తు చేయాలి. నేరం చల్లారితే రుజువు బలహీనపడుతుంది కాబట్టి రొట్టెల్ని వేడివేడిగా ఆఫీసుకి చేర్చాలి. పానకం కూడా పట్టుకెళ్లాలి. దాన్ని అనుబంధ సాక్ష్యం అన్నారు.

జీపు కదలబోతుంటే మంగతాయారు మొగుణ్ణి పిలిచింది. మూత కింద ఉన్న ఒక్క చెక్కా తీసి, అతని చేతిలో పెట్టింది. "ఇది మరిచిపోయారండి. ఇది కూడా సాక్ష్యమే కదా" అంది. ఆవిడ గొంతులో కోపం లేదు. కోపం ఉంటే వీరభద్రానికి కాస్త తేలిగ్గా ఉండేది.

జప్తు చేసిన రొట్టెల్ని రికార్డుల గదిలో పెట్టి తాళం వేశారు. మధ్యాహ్నం తీసి చూస్తే ఖాళీ పళ్లాలున్నాయి. పానకం గిన్నెలు ఎవరో నాకినట్టు నిగనిగలాడుతున్నాయి. గవరయ్య మీసానికి ఒక రొట్టె తునక అంటుకుని ఉంది. కమిషనరు గారు అరచేతులు తుడుచుకుంటూ, "ఎలుకలు భక్షించినట్టు రాసెయ్యవయ్యా, వీరభద్రం" అన్నారు.

"పానకం కూడానాండి?"

"ఎలుకలకి దాహం వెయ్యదా?"

సాక్ష్యం లేకపోతే కేసు నిలవదు. కేసు నిలవాలంటే మళ్లీ జప్తు చేయాలి. మర్నాడు మళ్లీ వెళ్లారు. ఆ మర్నాడూ వెళ్లారు. ఎలుకల ఆకలి పెరిగే కొద్దీ జప్తు పెరిగింది. మొదట్లో తొలి వాయే పట్టుకెళ్లేవాళ్లు, తర్వాత్తర్వాత పొయ్యి దిగిందల్లా పట్టుకెళ్లసాగారు. చిద్విలాస్ గారు సాక్ష్యాధారాల్ని స్వయంగా పరిశీలించాలని తలుపు వేసుకుని కూర్చునేవారు. పరిశీలన అయ్యాక తేన్పులు వినిపించేవి. ఇంటి దగ్గర టిఫిను చేసి ఆఫీసుకొచ్చే అలవాటు సిబ్బందిలో క్రమేణా పోయింది. అందరూ వేళకి రావడం మొదలుపెట్టారు. కార్యక్రమం వల్ల హాజరు మెరుగుపడిందని కమిషనరు గారు పైకి రాశారు.

వీరభద్రం మాత్రం ఒక్క ముక్క ముట్టలేదు. ఇంట్లో పరిస్థితి అంతకంటే ఘోరంగా ఉంది. మంగతాయారు చట్టానికి కట్టుబడిపోయింది. పోపు లేని పప్పు, కారం లేని సొరకాయ, ఉప్పు నీళ్లలో ఉడికిన దుంప, మీగడ రంగు తేలిన కూరలే కంచంలోకి వచ్చేవి. మొగుడు చెయ్యి పెట్టబోయే ముందు ఆవిడ ఆగమని, అతని చొక్కా జేబులోంచి షేడు కార్డు తీసి కంచం పక్కన పెట్టి చూసేది.

"వెన్నెల మీగడ. పర్లేదు, తినండి."

"తాయారూ, నన్నేం చెయ్యమంటావు చెప్పు. నా చేతుల్లో ఏవుంది?"

"మీ చేతుల్లో కార్డుందండి." కంచంలో ఇంకో దుంప వేసింది. "రొట్టెలు పోతే పోనీండి. పొద్దున్నే వచ్చి నిలబడ్డ జనాన్ని ఉత్త చేతుల్తో పంపలేక చచ్చిపోతన్నాను. ఇలాగైతే ఇంకెన్నాళ్లో నడపలేను. మా అమ్మ మూకుడు తోమి అటక మీద పెట్టేస్తాను. అప్పుడు మీకూ సుఖం, నాకూ సుఖం."

ఆ మూకుడు పొయ్యి మీద లేని బతుకుని వీరభద్రం ఊహించుకోలేకపోయాడు.

రెండు రోజులు మంగతాయారు ఏదో ఆలోచనలో ఉండిపోయింది. మూడో రోజు జప్తు బృందం షెడ్డు దగ్గరికి వెళ్లేసరికి ఆవిడ నవ్వుతూ ఎదురొచ్చింది. "రండి బాబూ, రండి. ఇయ్యాల అంతా రూలు ప్రకారం చేశానండి" అని పళ్లెం ముందు పెట్టింది. నిప్పులు చూపించీ చూపించకుండానే దించేసిన రొట్టెలు. పైనా తెలుపే, కిందా తెలుపే. వీరభద్రం కార్డు పెట్టి చూశాడు. పైన మంచు ముత్యం, కింద వెన్నెల మీగడ, ఎక్కడా గీత దాటలేదు. పట్టుకెళ్లడానికి సాక్ష్యం లేదు. జీపు ఖాళీగా తిరిగొచ్చింది.

ఆఫీసు మొత్తం ఆ పూట ఆకలితో అల్లాడింది. కమిషనరు గారు వీరభద్రాన్ని పిలిపించారు.

"ఇవాళ నేరం ఎందుకు జరగలేదు?"

"ఆవిడ మారిపోయిందండి. చట్టాన్ని గౌరవిస్తోందండి."

"మరి ముందుగా చెప్పద్దూ? ఎవరూ టిఫిన్లు చెయ్యకుండా వచ్చేశారు!"

చిద్విలాస్ గారు మాత్రం మొహాన్ని గంభీరంగా పెట్టుకుని, ఇది కార్యక్రమ విజయమన్నారు. కరుడుగట్టిన నేరస్థురాలు మనసు మార్చుకుంది కాబట్టి ఆవిడకి పౌర సన్మానం చేయాలన్నారు. ఆ ఆదివారం టౌన్ హాలులో ఏర్పాట్లు జరిగాయి. ఊరంతా వచ్చింది. వేదిక మీద ప్రత్యేకాధికారి, కమిషనరు, ఉద్యమానికి మూలకర్త అని బలవంతాన తీసుకొచ్చిన డాక్టరు కస్తూరి గారు కూర్చున్నారు. ఎదురుగా వీరభద్రం కార్డు పట్టుకుని నిలబడ్డాడు. మంగతాయారు శాలువా కప్పించుకుని, తను తెచ్చిన తెల్ల రొట్టెల్ని ఒక్కొక్కరి ముందూ పెట్టింది.

"సహోదర సహోదరీమణులారా!" అని చిద్విలాస్ గారు మైకు అందుకున్నారు. "ఈ రొట్టెను చూడుడు. ఇందులో మచ్చ లేదు, మాడు లేదు, మాలిన్యము లేదు. దీనిని మీ అందరి సమక్షమున భుజించి..."

భుజించారు. సగం ఉడికిన పిండి ఆయన అంగిట్లో అంటుకుపోయింది. నాలుకతో తోశారు, రాలేదు. వేలు పెట్టి తీద్దామంటే ఎదురుగా ఊరంతా ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. బలవంతాన మింగేసరికి పాపం ఆయనకి ఒళ్లు తెలియకుండా కోపం వచ్చింది. మైకు నోటి దగ్గరే ఉందన్న సంగతి మరిచిపోయి, అలవాటైన గ్రాంథికం కూడా వదిలేసి కమిషనరు వైపు తిరిగి అరిచారు.

"ఏమిటయ్యా ఇది? రోజూ వచ్చే రొట్టె కాదే! ఆ కరకరలాడే అడుగేదీ?"

డాక్టరు కస్తూరి గారు తన ముందున్న రొట్టెని పక్కకి జరిపి, మెల్లగా అడిగారు.

"రోజూ మీకెక్కడిదండీ అడుగు? అవన్నీ ఎలుకలు తినేశాయని ఊరంతా చెప్పుకుంటున్నారే?"

చిద్విలాస్ గారు కమిషనరు గారి వైపు చూశారు. కమిషనరు గారు వీరభద్రం వైపు చూశారు. ఆ చూపు వీరభద్రానికి బాగా తెలుసు. ఎలుకల సంగతి ఇంకాస్త గట్టిగా చెప్పి ఒడ్డున పడెయ్యమన్న చూపు అది. అతని నోటి చివరికి ఆ మాటే వచ్చింది కూడా. అప్పుడు మంగతాయారు కనిపించింది. శాలువా కప్పుకుని, చేతులు కట్టుకుని, మొగుడు ఏం చెబుతాడా అని చూస్తోంది. ఆవిడ కళ్లలో పెద్దగా ఆశేమీ లేదు. అదే అతన్ని కోసేసింది.

"ఎలుకలు తిన్నాయని రాసింది నేనేనండి" అన్నాడు వీరభద్రం. "ఆ ఎలుకలు ఇప్పుడు వేదిక మీదే కూర్చున్నాయండి. ఒకటేమో ఇందాక మైకులో మాట్టాడిందండి."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు వెనక వరసల్లోకి పాకింది, గుమ్మం దాటింది, బయట చెప్పుల దగ్గర నిలబడ్డ వాళ్ల దాకా వెళ్లింది. గవరయ్య మీసం తడుముకున్నాడు. కమిషనరు గారు కళ్లు మూసుకుని కునుకు పట్టినట్టు నటించారు.

చిద్విలాస్ గారు సామాన్యులు కారు. మంచినీళ్లు తాగి, కండువా సర్దుకుని, మళ్లీ మైకు అందుకున్నారు. నవ్వులు సద్దుమణిగే దాకా ఆగి, ఇందాక ఏమీ జరగనట్టే మొదలుపెట్టారు.

"పౌరులారా! మేము సాక్ష్యమును భుజించలేదు. పరీక్షించితిమి. దీర్ఘకాలిక పరీక్షలో తేలినది ఏమనగా, అరటిపండునకు తొక్క ఎట్టిదో, కొబ్బరికాయకు పీచు ఎట్టిదో, దిబ్బరొట్టెకు అడుగు చెక్క అట్టిది. అది ఆహారము కాదు. ఆహారమును కాపాడు సహజ ఆచ్ఛాదనము. వాడుక భాషలో చెప్పవలెనన్న, ప్యాకింగు. ప్యాకింగు రంగుతో మన కార్యక్రమమునకు సంబంధము లేదు."

జనం చప్పట్లు కొట్టారు. దేనికి కొడుతున్నారో చిద్విలాస్ గారికి తెలియలేదు గానీ, వంగి నమస్కారం పెట్టారు.

వారం తిరక్కుండా ఉత్తర్వులు వచ్చాయి. చపాతీ మీది మచ్చలు ప్యాకింగే. మొక్కజొన్న పొత్తు మీది నలుపూ ప్యాకింగే. వంకాయ తొక్క ఎలాగూ ప్యాకింగే. ఆవాలు మాత్రం దేన్ని ప్యాక్ చేస్తున్నాయో తేలక ఇంకా పరిశీలనలో ఉన్నాయి. పెదగట్లపాడులో మాడు ఆహారం సమూలంగా నిర్మూలించబడిందని, మిగిలి ఉన్నదంతా ప్యాకింగేనని నివేదిక రాసి, చిద్విలాస్ గారు పచ్చి కూరగాయల కార్యక్రమమేదో నడిపించడానికి వేరే ఊరు వెళ్లారు. వీరభద్రం మీద చర్య తీసుకుందామంటే ఎలుకలెవరో కాగితం మీద రాయాల్సి వస్తుంది. అందుకని కమిషనరు గారు అతన్ని క్షమించేశారు.

ఆ పై సోమవారం పొద్దున్న షెడ్డు ముందు జనం వీధి మలుపు దాకా వరస కట్టారు. మంగతాయారు కొత్త బోర్డు పెట్టింది. 'మునిసిపల్ ఆఫీసు వారికి రొట్టె విడిగా, ప్యాకింగు విడిగా' అని దాని మీద సుద్దతో రాసి ఉంది. కమిషనరు గారు రెండింటికీ డబ్బులిచ్చి, మారు మాట్లాడకుండా ప్యాకింగు ముందు తిన్నారు. డాక్టరు కస్తూరి గారు కూడా వచ్చి మూలనున్న బల్ల దగ్గర కూర్చున్నారు. ఆవిడ పళ్లెంలోని చెక్క అంచున ఒకచోట నల్లగా బొగ్గులా మాడింది. ఆవిడ చెంచా అంచుతో ఆ కాస్తా గీకి పక్కన పెట్టి, మిగతాది పానకంలో ముంచుకుని తినేశారు. అదెవరూ పట్టించుకోలేదు.

వీరభద్రం అందరూ తినేదాకా ఆగి, ఆఖరున భయం భయంగా వచ్చి కూర్చున్నాడు. మంగతాయారు లోపలి నుంచి మూతేసిన పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. మూత తీసింది. తొలి వాయి అడుగు చెక్క, పక్కన పానకం గిన్నె. అతని కళ్లు చెమర్చాయి. చెయ్యి పెట్టబోతే ఆవిడ పళ్లెం మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏవండీ, ఇది ప్యాకింగంట కదా. తినేది కాదంట. తీసి అవతల పారెయ్యమంటారా?"

వీరభద్రం జేబులోంచి షేడు కార్డు తీశాడు. దాన్ని వంగి పొయ్యిలో నిప్పుల మీద పడేసి, రెండు చేతుల్తో పళ్లెం దగ్గరికి లాక్కున్నాడు.